పోయినేడు చేసిన ఏ పని ఈ ఏడు మానేశారు? గుండె వాల్వు జబ్బును పట్టుకోవడం, వైద్యం చేయించుకోవడం ఎలా?

మా చెల్లెలికి ఆయాసం ఉందని ఇంట్లో ఎవరికీ తెలియదు. అడిగితే తనూ లేదనే చెప్పేది. బోరింగు దగ్గర నుంచి రెండు బిందెలు తెచ్చే మనిషి ఒక్కటే తేవడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు ఆ పని మరిదికి అప్పజెప్పింది. మేడ మీద బట్టలు ఆరేయడం మానేసి పెరట్లోనే దండెం కట్టుకుంది. రాత్రిళ్ళు రెండు దిండ్లు వేసుకునేది, మెడ పట్టేస్తోందని. ఆర్‌ఎంపీ రక్తం తక్కువన్నాడు, ఐరన్ బిళ్ళలిచ్చాడు. టౌన్లో ఒక డాక్టరుగారు ఉబ్బసమని పీల్చే మందు రాశారు. ఆరో నెల కడుపుతో ఉండగా ఒక రాత్రి పడుకోలేక తెల్లవార్లూ కూర్చుని దగ్గింది. కఫంలో నెత్తుటి చారలు కనిపించాయి. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, డ్యూటీలో ఉన్న ఒక పీజీ డాక్టరమ్మ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, ఎడమ పక్కకు తిరగమని, ఒక నిమిషం పాటు విన్నది. విన్నాక ఒకటే అడిగింది: "చిన్నప్పుడు కీళ్ళ నొప్పులతో జ్వరం వచ్చిందామ్మా?"

వచ్చింది. నాలుగో తరగతిలో. పది రోజుల్లో తగ్గిపోయింది, మేమంతా మర్చిపోయాం.

ఇది జరిగి పదమూడేళ్ళు. అప్పటి నుంచీ ఆమె ఫైలు మోసేది నేనే. నేను డాక్టర్ని కాను. ఆసుపత్రి బెంచీల మీద కూర్చుని, అడిగి, తప్పులు చేసి నేర్చుకున్నదే ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఏ మందైనా మొదలుపెట్టడం, ఆపడం, మార్చడం మాత్రం మీ డాక్టరు చేతిలోనే ఉండాలి.

ముందు వాల్వు అంటే ఏమిటో తెలుసుకోండి

గుండెలో నాలుగు వాల్వులు ఉంటాయి: మైట్రల్, అయోర్టిక్, ట్రైకస్పిడ్, పల్మనరీ. తెలుగు పుస్తకాల్లో కవాటాలంటారు. కవాటమంటే తలుపు, పేరు సరిగ్గానే కుదిరింది. రక్తాన్ని ముందుకు వదిలి, వెనక్కి రాకుండా మూసుకోవడమే వీటి పని. నిమిషానికి 70 సార్ల లెక్కన రోజుకు లక్ష సార్లు తెరుచుకుని మూసుకుంటాయి.

తలుపు పాడైతే రెండు రకాలుగానే పాడవుతుంది. సరిగా తెరుచుకోదు, లేదా సరిగా మూసుకోదు. తెరుచుకోకపోతే డాక్టర్లు స్టెనోసిస్ అంటారు, మనవాళ్ళు "వాల్వు సన్నబడింది" అంటారు. మూసుకోకపోతే రిగర్జిటేషన్, అంటే "వాల్వు లీకు". ఒకే వాల్వుకు రెండూ ఉండొచ్చు.

ఒక సంగతి ఇక్కడే తేల్చేసుకోండి. వాల్వు జబ్బు వేరు, గుండెలో రంధ్రం వేరు, రక్తనాళాల్లో బ్లాకులు వేరు. "మా బావకు స్టంటు వేశారు, నీకూ అదే వేస్తార్లే" అని ధైర్యం చెప్పే చుట్టాలు ప్రతి ఇంట్లో ఉంటారు. స్టంటు రక్తనాళానికి వేస్తారు, వాల్వుకు కాదు.

ఇంట్లో అడగాల్సిన ప్రశ్న

"ఆయాసం వస్తోందా?" అని అడగకండి. రాదనే చెప్తారు. అబద్ధం చెప్పాలని కాదు, ఆయాసం వచ్చే పనుల్ని ఒక్కొక్కటిగా వదిలేస్తూ వచ్చారు కాబట్టి నిజంగానే రాదు. "పోయినేడు చేసిన ఏ పని ఇప్పుడు చేయట్లేదు?" అని అడగండి. కలుపుకు వెళ్ళడం మానేసిందా? సంత నుంచి నడిచొచ్చే మనిషి ఆటో ఎక్కుతున్నాడా? పోయినేడు అలిపిరి మెట్లెక్కి తిరుమల వెళ్ళిన నాన్న ఈసారి మోకాళ్ళ వంక చెప్పి బస్సెక్కాడా? మోకాళ్ళే కారణం కావచ్చు. కాకపోవచ్చు కూడా.

తర్వాత రాత్రి సంగతి అడగండి. ఎన్ని దిండ్లు వేసుకుంటున్నారు? నిద్రలో ఊపిరాడక లేచి కూర్చుంటున్నారా? వెల్లకిలా పడుకుంటే దగ్గు వస్తోందా? పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడి నిలుస్తోందా? వీటిలో ఒక్కదానికి అవునన్నా గుండె పరీక్ష చేయించాల్సిందే.

ఇక వయసును బట్టి అనుమానం మారుతుంది. మన దగ్గర పిల్లలకూ పడుచువాళ్ళకూ వాల్వు పాడైతే, చాలావరకు దాని మూలం గొంతునొప్పిలో ఉంటుంది. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల గొంతు నొప్పి వస్తుంది, ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ళ పిల్లలకు. అది తగ్గిన రెండు మూడు వారాలకు కొందరిలో కీళ్ళవాత జ్వరం మొదలవుతుంది. ఈరోజు మోకాలు వాస్తే ఎల్లుండికి అది తగ్గి చీలమండ వాస్తుంది. అంటే, నొప్పి కీలు నుంచి కీలుకు తిరుగుతుంది. గొంతులోని క్రిమి మీద శరీరం చేసే యుద్ధం గురి తప్పి సొంత కీళ్ళ మీద, గుండె మీద పడుతుందన్నమాట. కీళ్ళు పూర్తిగా బాగైపోతాయి. వాల్వు మాత్రం మందపడి, అతుక్కుని, పదీ ఇరవై ఏళ్ళ తర్వాత బయటపడుతుంది. ఎక్కువగా దెబ్బతినేది మైట్రల్ వాల్వు. ఆడవాళ్ళలో ఎక్కువ, అదీ చాలామందిలో కడుపుతో ఉన్నప్పుడే తెలుస్తుంది. గర్భంలో రక్తం దాదాపు సగం పాళ్ళు పెరుగుతుంది, అంత రక్తం సన్నబడ్డ తలుపులోంచి పోలేక ఊపిరితిత్తుల్లో నిలిచిపోతుంది. మా చెల్లెలికి జరిగింది ఇదే.

65 దాటినవాళ్ళ కథ వేరు. వాళ్ళలో అయోర్టిక్ వాల్వు మీద సున్నం, అంటే కాల్షియం, పేరుకుని బిగుసుకుపోతుంది. పుట్టుకతోనే ఈ వాల్వుకు మూడు రెక్కలకు బదులు రెండే ఉన్నవాళ్ళలో, అంటే నూటికి ఒకరిద్దరిలో, ఇది ఇంకా ముందే వస్తుంది. దీనికి మూడు గుర్తులు: నడిస్తే ఆయాసం, నడిస్తే గుండె నొప్పి, నడుస్తూ కళ్ళు తిరిగి పడిపోవడం. పెద్దాయన బాత్రూమ్‌లో పడ్డాడంటే కాలు జారిందనుకుంటాం. మెట్లెక్కుతుండగానో బరువెత్తుతుండగానో స్పృహ తప్పి పడితే దాన్ని జారడం లెక్కలో వేయకండి. వాల్వు బాగా బిగుసుకుని ఈ గుర్తులు మొదలయ్యాక, మార్చకుండా వదిలేస్తే సగటున రెండు మూడేళ్ళకు మించి బతకడం కష్టం.

నాడి పట్టి చూడండి

మణికట్టు దగ్గర బొటనవేలి వైపు మీ మూడు వేళ్ళు ఆనించి, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయొద్దు. ఎన్ని అన్నదానికన్నా ఎలా కొట్టుకుంటోంది అన్నది ముఖ్యం. లయ లేకుండా, ఒకటి గట్టిగా ఒకటి మెత్తగా, ఒకటి తొందరగా ఒకటి ఆలస్యంగా ఉంటే ఆట్రియల్ ఫిబ్రిలేషన్ కావచ్చు. మైట్రల్ వాల్వు సన్నబడినవాళ్ళకు ఇది తరచూ వస్తుంది. గుండె పై గదిలో రక్తం కదలక గడ్డకడుతుంది, ఆ గడ్డ మెదడుకు ఎగిరితే పక్షవాతమే. ముప్పై ఐదేళ్ళ మనిషికి పక్షవాతం వచ్చి, కారణం వెతికితే అప్పుడు వాల్వు జబ్బు బయటపడిన ఇళ్ళు నాకు తెలుసు. ఈసీజీ తీస్తే ఈ లయ తప్పడం తెలిసిపోతుంది.

టూడీ ఎకో చేయించండి, రిపోర్టు చదవడం నేర్చుకోండి

డాక్టరుకు స్టెతస్కోపులో మర్మర్, అంటే గుండె చప్పుళ్ళ మధ్య అదనపు హోరు, వినబడిందంటే తర్వాతి మెట్టు ఎకో. శబ్ద తరంగాలతో గుండెను చూసే స్కాన్ ఇది. సూది లేదు, నొప్పి లేదు, రేడియేషన్ లేదు. గర్భిణికీ చేయొచ్చు. ఛాతీ మీద జెల్లీ రాసి పరికరం ఆనిస్తారు, అరగంట పని. రిపోర్టు మాత్రం చూడగానే టెన్షన్ పుట్టేలా ఉంటుంది. అందుకే ఈ నాలుగు సంగతులు చూడండి.

మొదటిది, ఏ వాల్వు, సన్నబడిందా లీకా. ఎంఎస్ అంటే మైట్రల్ సన్నబడటం, ఎంఆర్ అంటే మైట్రల్ లీకు. ఏఎస్, ఏఆర్ అయోర్టిక్‌వి, టీఆర్ ట్రైకస్పిడ్ లీకు. రెండోది, ఎంత. ట్రివియల్, మైల్డ్, మోడరేట్, సివియర్ అని రాస్తారు. ట్రివియల్ ఎంఆర్, ట్రివియల్ టీఆర్ అనే మాటలు ఏ జబ్బూ లేనివాళ్ళ రిపోర్టుల్లోనూ కనిపిస్తాయి. ఆ ఒక్క మాట చూసి నెలల తరబడి నిద్రపోని మనిషిని నేనెరుగుదును. మూడోది, వాల్వు వైశాల్యం. మైట్రల్ మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవాలి, 1.5కి దిగిందంటే తీవ్రమే. అయోర్టిక్ మామూలుగా 3 నుంచి 4, అది 1కి దిగితే తీవ్రం. నాలుగోది ఈఎఫ్, అంటే ఒక్కో దెబ్బకు గుండె తనలోని రక్తంలో నూటికి ఎంత బయటకు తోస్తోంది అన్నది. 55 పైన ఉంటే మంచిదే అంటారు. కానీ మైట్రల్ బాగా లీకయ్యేవాళ్ళకు ఈ లెక్క మోసం చేస్తుంది. సగం రక్తం వెనక్కి పోతున్నా తోసినట్టే చూపిస్తుంది. అందుకే అలాంటివాళ్ళలో ఈఎఫ్ 60కి దిగినా డాక్టర్లు ఆపరేషన్ మాట ఎత్తుతారు. "ఈఎఫ్ 58 ఉంది కదా, బాగానే ఉంది కదా" అని మీరు వాదించకండి. నేను వాదించాను.

మైల్డ్ అయితే మూడు నుంచి ఐదేళ్ళకోసారి, మోడరేట్ అయితే ఒకటి రెండేళ్ళకోసారి, సివియర్ అయితే ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మళ్ళీ ఎకో తీయించాలి. పాత రిపోర్టులు పారేయొద్దు. ఒక్క రిపోర్టు కన్నా, రెండు రిపోర్టుల మధ్య తేడా డాక్టరుకు ఎక్కువ చెబుతుంది.

కీళ్ళవాతం వల్లయితే: ఇరవై ఒక్క రోజుల ఇంజక్షన్

వాల్వు ఇంకా పాడవకుండా ఆపగలిగేది ఒక్కటే: మళ్ళీ ఆ గొంతు ఇన్‌ఫెక్షన్ రాకుండా చూడటం. అందుకు బెంజథిన్ పెన్సిలిన్ 12 లక్షల యూనిట్లు పిరుదుకు వేస్తారు, 27 కిలోల లోపు పిల్లలకు 6 లక్షలు. "నెల ఇంజక్షన్" అని పిలుస్తారు గానీ ఇది నెలకు కాదు, 21 రోజులకు. ఆ పేరే కొంప ముంచుతుంది. మూడు వారాలు దాటితే రక్తంలో మందు పలచబడుతుంది. మేము వారం లెక్కన పెట్టుకున్నాం. ఒక బుధవారం వేయించారా, మూడు బుధవారాలు లెక్కపెట్టి క్యాలెండరులో ఎర్ర సున్నా చుట్టండి.

ఎన్నేళ్ళు? గుండెకు దెబ్బ తగలకపోతే ఐదేళ్ళు లేదా 21 ఏళ్ళు వచ్చేదాకా, ఏది ఎక్కువైతే అది. గుండెకు తగిలి పూర్తిగా మానితే పదేళ్ళు లేదా 21 ఏళ్ళ వయసు దాకా. వాల్వు పాడై మిగిలిపోతే పదేళ్ళు లేదా 40 ఏళ్ళ వయసు దాకా, కొందరికి జీవితాంతం. ఆపరేషన్ అయినా ఇంజక్షన్ ఆగదు, మిగతా వాల్వులు ఉన్నాయి కదా.

ఇంజక్షన్ నొప్పి మామూలుగా ఉండదు. పిల్లలు ఏడుస్తారు, తల్లులు ఒకటి ఎగ్గొడదామంటారు. మందును గదిలోని వేడికి రానిచ్చి, మెల్లగా ఎక్కించమని నర్సమ్మను అడగండి. పెన్సిలిన్ పడనివాళ్ళకు వేరే మందు ఉంది. వాల్వు తీవ్రంగా దెబ్బతిని ఆయాసంతో ఉన్నవాళ్ళకు ఇంజక్షన్ సమయంలో గుండె తట్టుకోలేని ప్రమాదం ఉందని 2022లో అమెరికా హార్ట్ అసోసియేషన్ హెచ్చరించింది. అలాంటివాళ్ళకు మాత్రలే మేలేమో డాక్టర్ని అడగండి. మీ అంతట మీరు మానేయడం మాత్రం వద్దు.

ఇంట్లో ఇంకో పిల్లవాడికి జ్వరంతో గొంతు నొప్పి వస్తే, ఉప్పునీళ్ళు పుక్కిలించి ఊరుకోకుండా డాక్టరుకు చూపించి, రాసిన యాంటీబయాటిక్ పూర్తిగా వాడించండి.

మందులు ఏం చేస్తాయి, ఏం చేయవు

నీటి మందు ఊపిరితిత్తుల్లో, కాళ్ళలో చేరిన నీటిని తీస్తుంది. గుండె వేగం తగ్గించే బిళ్ళ మైట్రల్ సన్నబడినవాళ్ళకు హాయినిస్తుంది. అంతే. బిగుసుకున్న వాల్వును తెరిచే మాత్ర గానీ, కషాయం గానీ, చెట్టు మందు గానీ లేదు. ఉందని ఎవరైనా అంటే డబ్బు కన్నా ముందు మీ నుంచి వాళ్ళు తీసుకునేది సమయం.

ఉప్పు తగ్గించమంటే కూరలో తగ్గిస్తాం, ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ లెక్కలోకి తీసుకోం. అవీ లెక్కే. రోజూ పొద్దున్నే బరువు చూసుకోండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది తిండి బరువు కాదు, నీరు. డాక్టరుకు ఫోన్ చేయండి.

బెలూనా, రిపేరా, మార్పిడా?

మైట్రల్ సన్నబడి, లీకు పెద్దగా లేక, రెక్కలు మెత్తగానే ఉంటే ముందు బెలూన్ గురించి అడగండి. తొడ దగ్గర సిరలోంచి తీగలాంటి గొట్టం పంపి, గుండెలో పై గదుల మధ్య గోడను దాటించి, వాల్వు మధ్యలో బెలూన్ ఉబ్బిస్తారు. అతుక్కున్న రెక్కలు విడివడతాయి. జపాన్ సర్జన్ కాంజీ ఇనోయె రూపొందించిన పద్ధతి ఇది, 1984లో లోకానికి తెలిసింది. ఛాతీ కోయరు, రెండు మూడు రోజుల్లో ఇంటికి. ముందు రోజు గొంతులోంచి గొట్టం దింపి ఇంకో ఎకో తీస్తారు, గుండెలో గడ్డ ఉందేమోనని. ఆ పరీక్ష చికాకుగా ఉంటుంది, తప్పించుకోవాలని చూడకండి.

మా చెల్లెలికి గర్భంతో ఉండగానే బెలూన్ వేశారు, పొట్టకు సీసం కవచం కప్పి. వైశాల్యం 0.8 నుంచి 1.7కి పెరిగింది. ఆ రాత్రి ఒక్క దిండుతో పడుకుంది. అయితే బెలూన్ శాశ్వతం కాదు. కొన్నేళ్ళకు మళ్ళీ సన్నబడొచ్చు. ఆమెకు తొమ్మిదేళ్ళు పనిచేసింది, ఆ తర్వాత లోహపు వాల్వు పెట్టాల్సి వచ్చింది.

లీకు ఎక్కువైతే బెలూన్ పనికిరాదు. వాల్వును బాగుచేయడం వీలైతే అదే మేలు, సొంత వాల్వుకు సాటి రాదు ఏదీ. కానీ కీళ్ళవాతంతో గట్టిపడ్డవాటిని బాగుచేయడం కష్టం. అప్పుడు మార్చాలి. ఇక్కడ మీ ముందు రెండు దారులుంటాయి. లోహపు వాల్వు చాలాకాలం మన్నుతుంది, జీవితాంతం రక్తం పలచబడే మందు వాడాలి. జంతువు కణజాలంతో చేసిన వాల్వుకు ఆ మందు కొద్ది నెలలే, కానీ పదీ పదిహేనేళ్ళలో అరుగుతుంది, చిన్న వయసువాళ్ళలో ఇంకా త్వరగా. మామూలుగా 50 లోపువాళ్ళకు లోహం, 65 దాటినవాళ్ళకు కణజాలం అంటారు. పిల్లలు కావాలనుకునే అమ్మాయికి ఈ లెక్క తిరగబడొచ్చు, కారణం కింద చెప్తాను. సర్జన్‌ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "మా ఊరి నుంచి నెలనెలా రక్త పరీక్షకు వెళ్ళగలమా?" ఆయనకు మీ ఊరు తెలియదు, జవాబు మీరే చెప్పుకోవాలి.

లోహపు వాల్వుల్లో మన దేశంలో తయారైనది చిత్ర వాల్వు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం మొదటి నమూనాలు విఫలమైనా వదలకుండా తయారుచేసింది. 1990 డిసెంబరులో తొలిసారి మనిషికి అమర్చారు. దిగుమతి వాల్వుల కన్నా చవక. "చవకది కాబట్టి తక్కువది" అని సిగ్గుపడేవాళ్ళను చూశాను. అక్కర్లేదు.

పెద్దవాళ్ళ అయోర్టిక్ వాల్వును ఇప్పుడు ఛాతీ కోయకుండా తొడ రక్తనాళంలోంచి కూడా మారుస్తున్నారు. టావీ అంటారు. 2002లో ఫ్రాన్స్‌లో అలాన్ క్రిబియే మొదటిసారి చేశారు. పెద్ద వయసువాళ్ళకు, ఆపరేషన్ తట్టుకోలేనివాళ్ళకు మంచి దారి. ఖర్చే గుండె దడ పుట్టిస్తుంది.

డబ్బు సంగతికొస్తే, వాల్వు ఆపరేషన్లు తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ కింద జరుగుతున్నాయి. ఆసుపత్రిలో చేరే ముందే ఆ ఆసుపత్రి పథకంలో ఉందా అని అక్కడి హెల్ప్‌డెస్కులో అడగండి, రేషన్ కార్డు, ఆధార్ వెంట ఉంచుకోండి. పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రిలో 1991 నుంచీ గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తున్నారు, వరస కోసం ఆగాల్సి రావచ్చు. అడ్వాన్సు కట్టేశాక ఇవన్నీ తెలుసుకుని లాభం లేదు.

ఐఎన్ఆర్ నోటుబుక్కు

లోహపు వాల్వు పెట్టించుకున్న ఇంట్లో అసలు వైద్యం ఇక్కడ మొదలవుతుంది. రక్తం పలచబడే మందు పేరు ఏసిట్రామ్ కావచ్చు, వార్ఫరిన్ కావచ్చు. రెండూ ఒకటి కావు, ఒకదాని మోతాదు ఇంకోదానికి పనికిరాదు. 1, 2, 3, 4 మిల్లీగ్రాముల్లో ఒకే పేరుతో దొరుకుతాయి. షాపులో 2 అడిగితే 4 ఇచ్చిన రోజు మా నోటుబుక్కులో ఉంది. అట్ట మీద అంకె చూడకుండా కౌంటరు దగ్గర నుంచి కదలకండి.

రక్తం ఎంత పలచగా ఉందో ఐఎన్ఆర్ పరీక్ష చెబుతుంది. మామూలు మనిషికి 1 ఉంటుంది. అయోర్టిక్ స్థానంలో లోహపు వాల్వు ఉంటే సాధారణంగా 2 నుంచి 3 మధ్య, మైట్రల్ స్థానంలో ఉంటే 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. మీ అంకె ఎంతో డాక్టరుతో రాయించుకుని నోటుబుక్కు మొదటి పేజీలో అతికించండి. తక్కువైతే వాల్వు మీద గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం.

నోటుబుక్కులో నాలుగు గళ్ళు గీయండి: తేదీ, ఐఎన్ఆర్, బిళ్ళ మోతాదు, ఆ వారం జరిగిన విశేషం. ఈ నాలుగో గడే అసలైనది. "జ్వరం, మూడు రోజులు యాంటీబయాటిక్", "పెళ్ళికి వెళ్ళింది, రెండు పూటలు బిళ్ళ మర్చిపోయింది", "శ్రావణమాసం, ఉపవాసాలు". అంకె ఎందుకు మారిందో డాక్టరుకు ఇక్కడే దొరుకుతుంది. మొదట్లో వారానికోసారి, కుదురుకున్నాక నెలకోసారి పరీక్ష. వీలైతే ఒకే ల్యాబులో.

బిళ్ళ సాయంత్రం ఒకే వేళకు వేసుకోవాలి. మా ఇంట్లో దీపం పెట్టే వేళ. మర్చిపోతే ఆ రాత్రి గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. మర్నాడు గుర్తొస్తే పోయినది పోయింది, రెండు కలిపి వేయకూడదు.

తిండి గురించి ఎక్కువ భయపెడతారు. ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ మందుకు ఎదురు పనిచేస్తుంది, నిజమే. అందుకని గోంగూర, తోటకూర, పాలకూర, మునగాకు జన్మలో ముట్టొద్దని చెప్పేవాళ్ళున్నారు. మానేయక్కర్లేదు. ప్రతి వారం ఇంచుమించు ఒకే పాళ్ళలో తినండి. నెలంతా ముట్టకుండా, పుట్టింటికెళ్ళిన వారంలో మూడు పూటలా గోంగూర లాగిస్తేనే అంకె పడిపోతుంది.

మందుల విషయంలో మాత్రం భయపడాల్సిందే. ఒంటినొప్పులకు షాపులో కొనే డైక్లోఫెనాక్, విరేచనాలకు వేసుకునే మెట్రోనిడజోల్, ఫంగస్‌కు ఇచ్చే ఫ్లుకోనజోల్ రక్తస్రావం ముప్పు పెంచుతాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్ ఈ మందును పనిచేయనివ్వదు. చెట్టు మందులు ఏం చేస్తాయో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఏ డాక్టరు, ఏ ఆర్‌ఎంపీ దగ్గరికెళ్ళినా నోరు తెరవగానే "నాకు లోహపు వాల్వు ఉంది, రక్తం పలచబడే మందు వాడుతున్నాను" అనాలి. కండకు ఇంజక్షన్ వేస్తే లోపల రక్తం గూడు కట్టొచ్చు, అందుకే పెన్సిలిన్ కూడా ఇంజక్షనా మాత్రలా అని గుండె డాక్టర్నే అడగాలి.

ఈమధ్య పరీక్షలు అక్కర్లేని కొత్త మందులు వచ్చాయని వాట్సాప్‌లో చూసి అడుగుతుంటారు. లోహపు వాల్వుకు అవి పనికిరావు. వాటిలో ఒకటైన డాబిగాట్రాన్ ఇచ్చి చూసిన ప్రయోగంలో గడ్డలూ రక్తస్రావమూ రెండూ పెరిగి మధ్యలోనే ఆపేశారు, 2013లో ఫలితాలు ప్రకటించారు. కీళ్ళవాతం వల్ల వాల్వు చెడి గుండె లయ తప్పినవాళ్ళకు కూడా పాత మందే మెరుగని 2022లో మరో పెద్ద ప్రయోగం తేల్చింది.

రాత్రి నిశ్శబ్దంలో ఛాతీలోంచి టిక్ టిక్ వినబడుతుంది, గడియారంలా. మొదటి నెల మా చెల్లెలు నిద్రపోలేదు. ఇప్పుడు వాళ్ళబ్బాయి దానికి చెవి ఆనించి పడుకుంటాడు.

పన్ను పీకించే ముందు, జ్వరం వచ్చినప్పుడు

కృత్రిమ వాల్వు ఉన్నవాళ్ళు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు గుండె డాక్టర్ని అడగాలి. చిగుళ్ళు కోసే పని ఉంటే అరగంట, గంట ముందు యాంటీబయాటిక్ ఇస్తారు. నోటిలోని క్రిములు రక్తంలో చేరి వాల్వు మీద గూడు కట్టకుండా. ఏసిట్రామ్ మీ అంతట మీరు ఆపి వెళ్ళకండి.

కారణం తెలియని జ్వరం రెండు మూడు రోజులు దాటితే, ముందు రక్తం కల్చర్‌కు, అంటే అందులో క్రిమి ఉందేమో పెంచి చూసే పరీక్షకు ఇవ్వాలి, తర్వాతే యాంటీబయాటిక్. ఊళ్ళో రెండు రోజుల కోర్సు వాడి వస్తే కల్చర్‌లో క్రిమి దొరకదు, జబ్బు మాత్రం వాల్వును తింటూనే ఉంటుంది.

పిల్లలు కావాలనుకుంటే

గర్భం రాకముందే ఎకో తీయించి మాట్లాడండి. మైట్రల్ బాగా సన్నబడి ఉంటే ముందు బెలూన్, తర్వాత గర్భం. లోహపు వాల్వు ఉన్నవాళ్ళకు చిక్కు ఎక్కువ. రక్తం పలచబడే మందు గర్భం 6 నుంచి 12 వారాల మధ్య ఉన్నప్పుడు బిడ్డకు హాని చేయగలదు, మందు ఆపితే తల్లి వాల్వు మీద గడ్డ కడుతుంది. నెల తప్పిన వారంలోనే గుండె డాక్టరు, గైనకాలజిస్టు ఇద్దరి దగ్గరా ఉండాలి. కొన్నాళ్ళు రక్తం పలచబరిచే హెపారిన్ ఇంజక్షన్లకు మార్చడమా, మోతాదు తగ్గించి బిళ్ళే కొనసాగించడమా వాళ్ళు తేలుస్తారు. అత్తగారు కడుపులో బిడ్డకు మంచిది కాదందని బిళ్ళ ఆపేసిన అమ్మాయిని అదే వార్డులో చూశాను. ఆ తర్వాత చూడలేదు.

వెంటనే 108కి ఫోన్ చేయాల్సినవి

మూతి వంకర పోవడం, మాట తడబడటం, చెయ్యో కాలో పడిపోవడం. ఐదు నిమిషాల్లో తగ్గినా సరే. టిక్ టిక్ చప్పుడు మొద్దుబారి లేదా ఆగిపోయి ఆయాసం రావడం. పడుకోలేనంత ఊపిరాడకపోవడం, గులాబీ రంగు నురగ కఫం. స్పృహ తప్పడం. తారులా నల్లటి విరేచనం, ఆగని ముక్కు రక్తం, మూత్రంలో రక్తం. తలకు దెబ్బ తగిలితే పైకి ఏం కనబడకపోయినా వెళ్ళి స్కాన్ చేయించాలి, బండి మీద నుంచి పడ్డప్పుడు "ఏం కాలేదులే" అనుకోవద్దు. ఐఎన్ఆర్ 5 దాటితే రక్తం కారకపోయినా ఆ రోజే డాక్టరుతో మాట్లాడాలి.

వాల్వు పెట్టినప్పుడు ఆసుపత్రివాళ్ళు ఒక కార్డిస్తారు, వాల్వు పేరు, సైజు, సీరియల్ నంబరుతో. ఎంఆర్ఐ తీయాల్సొస్తే ముందు అదే అడుగుతారు. దాన్ని లామినేషన్ చేయించి, వెనక మందు పేరు, మోతాదు, మీ ఫోన్ నంబరు రాసి పర్సులో పెట్టండి. బీరువాలో కాదు.